సముద్రం ఒడ్డుకు నురగ ఎందుకు రాస్తుంది?

ఒకప్పుడు సముద్రానికి నురగ ఉండేది కాదు. అలలు వచ్చేవి, పోయేవి. కానీ వాటికి ఆ తెల్లంచు లేదు. ఇంకో చిత్రం చెప్పనా? అప్పట్లో ఒడ్డుకు గడ్డం ఉండేది.

నవ్వకండి, నిజంగానే ఉండేది. ఆ ఒడ్డు పేరు పైడయ్య. ఒళ్లు బంగారు రంగు కాబట్టి ఆ పేరు పెట్టారు. కానీ ఆ బంగారాన్ని కళ్లారా చూసినవాళ్లు తక్కువ. ఎందుకంటే పైన సరుగుడు చెట్ల దగ్గర మొదలుపెట్టి కింద నీళ్ల అంచు దాకా అంతా గడ్డమే. మొగలి పొదలు, పల్లేరు కాయలు, రావణుడి మీసాలని పిలిచే ముళ్ల గడ్డి, అన్నీ కలిసి చిక్కులు పడిపోయి ఉండేవి.

గాలికి ఆ గడ్డాన్ని చూస్తే ఊరుకోబుద్ధయ్యేది కాదు. "పైడయ్యా, నిన్న నీ గడ్డంలో నా చెప్పు పడిపోనాది. కాస్త ఎతికి పెడుదూ," అని ఎగతాళి చేసేది.

"గడ్డముంటేనే పెద్దరికం. నీకేటి తెలుసు?" అని పైడయ్య గంభీరంగా అనేవాడు.

అది పైమాట. లోపలి మాట వేరే ఉంది. పైడయ్య ఒళ్లు మరీ సుకుమారం. వయసులో ఉండగా ఒకసారి పీత చేత గడ్డం గీయించుకున్నాడు. పీత తన కత్తెర చేతులతో చరచరా గీసిపారేసింది. మర్నాటికల్లా ఒళ్లంతా ఎర్రగా పొక్కిపోయింది. ఎండ తగిలితే మంట, ఉప్పునీళ్లు తగిలితే పుండు మీద కారం చల్లినట్టు ఇంకా మంట. చాలా రోజులు పాపం కంటి మీద కునుకు లేదు.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మగాడన్నవాడు కత్తి చూసి భయపడితే నలుగురూ నవ్వరూ? పసిపిల్లాడిలా కందిపోయాడని చెప్పుకోరూ? అందుకని గడ్డం పెంచేసి, దాని వెనక దాక్కుని, పెద్దరికం అని పేరు పెట్టుకున్నాడు.

అలా ఉండగా ఒక సాయంత్రం నూకాలు వచ్చింది.

నూకాలు ఒక తాబేలు. ఆ ఒడ్డు మీదే గుడ్డులోంచి బయటికొచ్చింది. అప్పటికి గడ్డం ఇంకా కింది దాకా దిగలేదు. పైడయ్య ఆమెను సొంత చెల్లెలి లెక్కే చూసుకున్నాడు. పెద్దదై, పెళ్లై, నడిసముద్రంలో కాపురానికి వెళ్లిపోయింది. ఇప్పుడు కడుపుతో పుట్టింటికి వచ్చింది. తొలి పురుడు పుట్టింట్లోనే కదా పోసుకోవాలి!

"అన్నియ్యా, పురిటికి వచ్చినాను. కాసింత సోటియ్యి," అంది ఆయాసపడుతూ.

"రా తల్లీ, రా! నీ ఇల్లు కాదేటి?" అన్నాడు పైడయ్య.

నూకాలు పైకి పాకింది. నాలుగడుగులు వేసిందో లేదో పల్లేరు కాయలు పొట్టకు గుచ్చుకున్నాయి. పక్కకు జరిగితే రావణుడి మీసాలు. గొయ్యి తీద్దామంటే ఎక్కడ చూసినా వేళ్లు. తాబేలు గుడ్లు పెట్టాలంటే మెత్తటి ఇసుక కావాలి. నీళ్లలో పెట్టిన గుడ్డు పిల్ల కాదు. పాపం, గీరుకుపోయిన పొట్టతో మళ్లీ కిందికి జారిపోయింది.

"అన్నియ్యా, ఈ గడ్డం గీయించుకోవా?" అని అడిగింది.

పైడయ్యకు పీత కత్తెర గుర్తొచ్చింది. గబగబా ఒక సాకు వెతికాడు. "అది కాదమ్మా, ఇంట్లో కడుపుతో ఉన్న మనిషుంటే గడ్డం గియ్యకూడదంటారు."

అంత బాధలోనూ నూకాలుకు నవ్వొచ్చింది. "అది మొగుడికి అన్నియ్యా, అన్నకి కాదు! మా ఆయన పెంచుకునే ఉన్నాడు. డిప్పంతా నాచు పట్టించుకుని మరీ తిరుగుతన్నాడు."

పైడయ్య చెల్లెలి వైపు చూశాడు. తన వల్ల ఆ గుడ్లు నీళ్లపాలైపోతాయనిపించింది. సరేనన్నాడు.

ఈ మాటలన్నీ సముద్రం విన్నాడు. పైడయ్య అక్క పేరు ఏరు. ఆ ఏరును కట్టుకున్నవాడే సముద్రం. అంటే పైడయ్యకు బావ అన్నమాట. మంచివాడే, మనసు వెన్న. కాకపోతే ఒట్టి తొందరమనిషి. ఏ పనైనా చిటికెలో అయిపోవాలి ఆయనకు.

"ఒరె బావమరిదీ, ఇంత సిన్న పనికి ఇంత ఆలోసనా? మొహం ఇటు పెట్టు. నాను గీసెత్తాను!" అన్నాడు.

అనడమే తడవు, ఒక పెద్ద అల ఎత్తి కుడి చెంప మీద కింద నుంచి పైకి ఒక్క పెట్టున లాగేశాడు. తడపడం లేదు, నానబెట్టడం లేదు. వెంట్రుకకు ఎదురు గీత. పొదలు వేళ్లతో సహా ఊడి వచ్చాయి. వాటితో పాటు ఇసుక కూడా ఊడి వచ్చింది.

పైడయ్య "ఓర్నాయనో" అనబోయాడు. గాలి చూస్తోంది, పీత చూస్తోంది. పళ్లు బిగించి ఊరుకున్నాడు.

"ఎలాగున్నాది?" అన్నాడు సముద్రం గర్వంగా.

"బా... బాగుంది బావా."

బాగుందన్నాడు కదా అని సముద్రం ఇంకో రెండు పట్లు వేశాడు. అడిగినవాడిదేం తప్పు, అబద్ధం చెప్పినవాడిదే తప్పు. గీసిన చోటే మళ్లీ గీస్తే ఏమవుతుంది? చెంప మీద ఇసుకంతా కొట్టుకుపోయి లోపలి ఎర్రమట్టి బయటపడింది.

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు" అని సామెత ఉంది కదా, గాలి సరిగ్గా అప్పుడే వచ్చింది. "పైడయ్యా, నా చెప్పు దొరికిందేటి?" అంది.

నూకాలు మాత్రం ఆశగా మళ్లీ పైకి పాకింది. ముళ్లు లేవు. కానీ ఇసుకా లేదు. గట్టి మట్టి మీద గీరీ గీరీ కాళ్లు నొప్పెట్టాయి. చిన్న గుంట కూడా పడలేదు. తల వాల్చేసి అలాగే ఉండిపోయింది. ఆమె కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి.

"ఏటీ ఏడుపు? ఇంకో సెంపుంది కదా, అదీ గీసెత్తాను!" అంటూ సముద్రం ఇంకా పెద్ద అల ఎత్తాడు.

ఉన్నది ఆ ఒక్క చెంపే. ఆ ఇసుక కూడా పోతే నూకాలు పిల్లలకు పుట్టే చోటు లేదు. పైడయ్యకు అది అర్థమైంది. ఆ క్షణంలో సిగ్గు ఎక్కడికి పోయిందో పోయింది.

"ఆగు బావా!" అని అరిచాడు. "నాకు మండిపోతంది! నా ఒళ్లు పలచన. మొదట్నుంచీ అంతే. సిగ్గేసి సెప్పనేదు."

ఎత్తిన అల ఎత్తినట్టే ఆగింది.

"మగోడివి, ఈ మాత్రానికే..." అని సముద్రం నవ్వబోయాడు.

"నోర్ముయ్ మావా," అంది ఏరు, సముద్రంలో కలిసే చోటి నుంచే. "ఒక్కొక్కళ్ల ఒళ్లు ఒక్కో తీరు. ముల్లూ అరిటాకూ ఒకటేటి? ముల్లెళ్లి ఆకు మీద పడినా ఆకుకే సేటు." తరువాత తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వూ నువ్వే! అడగందే అమ్మయినా పెట్టదు. సెప్పకపోతే మీ బావకెలాగ తెలుస్తాది?"

సముద్రం ఎత్తిన అలను మెల్లగా దించాడు. ఎర్రబడ్డ ఆ చెంప కేసి ఇప్పుడు సరిగ్గా చూశాడు. అంత పెద్దవాడికీ మొహం చిన్నబోయింది. "ముందే సెప్తే సెయ్యి తేలిక సేద్దును కదరా," అన్నాడు. ఆ మాట నిజంగా బాధపడే అన్నాడు.

సరే, ఇప్పుడేం చేయాలి? అది మాత్రం ఎవరికీ తెలియదు.

ఇంతలో నూకాలుకు నొప్పులు మొదలయ్యాయి. ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోట, తియ్యనీళ్లూ ఉప్పునీళ్లూ కలిసే చోట, నొప్పికి ఓర్చుకోలేక నాలుగు కాళ్లతో నీళ్లను టపటపా కొట్టడం మొదలుపెట్టింది. కవ్వంతో మజ్జిగ చిలికినట్టు నీళ్లు తిరిగాయి. తిరిగి తిరిగి తెల్లగా పొంగాయి. మెత్తగా, తేలిగ్గా, బుడగలు బుడగలుగా నురగ లేచింది. లోకంలో అదే మొదటి నురగ.

ఆ నురగ తేలుకుంటూ వచ్చి పైడయ్య మండుతున్న చెంపకు అంటుకుంది.

"అబ్బ!" అన్నాడు పైడయ్య. కళ్లు మూతలు పడ్డాయి. "సల్లగా ఉన్నాది బావా. మంట లాగేసినట్టున్నాది."

సముద్రం ఊరుకుంటాడా? దోసిళ్లకొద్దీ నురగ ఎత్తి ఎడమ చెంపంతా రాసేశాడు. రాసీ రాయగానే అలను కత్తిలా ఎత్తబోయాడు.

"ఉండు మావా, నాననియ్యి," అంది ఏరు.

అయ్యో, ఎంత కష్టమో చూడండి! పక్కన నూకాలు నొప్పులు పడుతోంది. ఆయనేమో పుట్టి బుద్ధెరిగాక ఒక్క క్షణం ఆగినవాడు కాదు. అయినా ఆగాడు. ఒక్కో బుడగా పగిలి ముళ్ల గడ్డిలోకి ఇంకుతుంటే, ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చున్నాడు. మధ్యమధ్యలో "నానిందా?" అని గుసగుసగా అడిగాడు. "ఇంకా నేదు" అంది ఏరు. ముళ్లు మెత్తబడ్డాయి. గడ్డి వేళ్లు పట్టు వదిలాయి. అప్పుడు ఏరు తల ఊపింది.

ఈసారి పైడయ్యే నోరు తెరిచాడు. ఒకసారి చెప్పడం అలవాటైతే రెండోసారి అంత కష్టం కాదు. "పైకి గియ్యకు బావా. నా గడ్డం నీ వైపుకే వాలి ఉంటాది. వచ్చేటప్పుడు నురగతోటి రా. ఎల్లేటప్పుడు వాలుగా గీసుకుంటూ ఎల్లు."

సముద్రం అలాగే చేశాడు. వచ్చేటప్పుడు నురగ తెచ్చి పరిచాడు. వెనక్కి వెళ్లేటప్పుడు, పాల మీద మీగడ తీసినంత తేలిగ్గా గీశాడు. "మండుతందా?" అని అడిగాడు.

"నేదు బావా." ఈసారి అది నిజం.

మళ్లీ నురగ, మళ్లీ వాలు గీత. చాలా పైకి వెళ్లాక పైడయ్య, "ఇంక సాలు. నురగ అందని సోట కత్తి పెట్టకు," అన్నాడు. సముద్రం అక్కడితో ఆపేశాడు. పైనున్న గడ్డి పైనే ఉండిపోయింది.

ఎడమ చెంప నున్నగా తేలింది. సాయంత్రపు ఎండ పడి బంగారంలా మెరిసింది. గాలికి కూడా ఎగతాళి చేయడానికి మాట దొరకలేదు. చల్లగా ఒకసారి ఆ చెంప నిమిరి వెళ్లిపోయింది.

నూకాలు పైకి పాకింది. పొట్టకు ఒక్క ముల్లు తగల్లేదు. వెనక కాళ్లతో గొయ్యి తీసింది. ఇసుక మెత్తగా, వెచ్చగా దారి ఇచ్చింది. గుడ్లన్నీ అందులో పెట్టి, మళ్లీ ఇసుక కప్పి, దాని మీద తల ఆనించి కాసేపు అలాగే పడుకుంది. పైడయ్య కదిలితే ఎక్కడ లేస్తుందోనని ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాడు.

తన తొందర వల్ల పోయిన కుడి చెంప ఇసుకను సముద్రం గుప్పెడు గుప్పెడు తెచ్చి మళ్లీ పోశాడు. ఎవరూ అడగలేదు, తనకే మనసాగలేదు.

కొన్నాళ్లకు గుడ్లు పగిలాయి. రూపాయి బిళ్లంత పిల్లలు బిలబిలమంటూ బయటికి వచ్చి, మేనమామ చెంప మీద జరజరా జారుకుంటూ సముద్రంలోకి పరుగెత్తాయి. ఆ బుల్లి కాళ్లకు పైడయ్యకు కితకితలు పుట్టాయి. ఎన్నో ఏళ్ల తరువాత బిగ్గరగా నవ్వాడు.

అప్పటినుంచే సముద్రం ఒడ్డుకు వచ్చేటప్పుడు నురగ తెస్తుంది, వెనక్కి వెళ్లేటప్పుడు మెల్లగా గీసుకుంటూ వెళ్తుంది. గడ్డం రోజూ మొలుస్తూనే ఉంటుంది కాబట్టి ఆ పని ఒక్క రోజు కూడా ఆగదు. అప్పటినుంచే నురగ వచ్చినంత మేర ఇసుక నున్నగా ఉంటుంది, అది దాటితే ముళ్ల గడ్డి మొదలవుతుంది. ఎప్పుడైనా తుఫాను పూని బావకు పాత తొందర తిరగబెడితే మాత్రం, ఒడ్డు మళ్లీ కోసుకుపోతుంది.

అల వెనక్కి మళ్లేటప్పుడు "స్‌స్‌స్..." అని ఒక చప్పుడు వస్తుంది, విన్నారా? అందరూ అది సముద్రం గొంతనుకుంటారు. కాదు, అది పైడయ్యది. మండుతోందో, హాయిగా ఉందో ప్రతిసారీ బావకు చెబుతున్నాడు. అప్పటినుంచే చెబుతున్నాడు, ఇప్పటిదాకా ఒక్క అలకు కూడా చెప్పడం మానలేదు.