తడిసిన దూది

జైతూన్ ఆ రోజు పాఠానికి రాలేదు. ఫిర్యాదుకు వచ్చింది.

"గౌసియాను పిచ్చాసుపత్రికి తీసుకెళ్ళింది మీరేనంట, నిజమేనా ఉస్తానీ?"

వినుకొండలో దూదేకులవాళ్ళ వీధిలో ఆడపిల్లలకు నమాజూ ఖురానూ నేర్పే సైదాబీని అందరూ ఉస్తానీ అనే పిలుస్తారు. డెబ్భై ఏళ్ళుంటాయి. పరుపులు కుట్టే ఇంట్లో పుట్టింది కాబట్టి ఆమె చేతులు ఊరికే ఉండవు. అప్పుడు కూడా ఒళ్ళో దూది పెట్టుకుని విడదీస్తోంది.

"పిచ్చాసుపత్రి కాదు. గుంటూరులో మనసు డాక్టరమ్మ దగ్గరికి. నేనే తీసుకెళ్ళాను."

"మన దగ్గర లేనిది ఆమె దగ్గర ఏముందని? మన దువాలు చాలక డాక్టరు దగ్గరికి పోయారని అనరూ?"

"అంటారు. నేను దువా చదివి ఊదిన నీళ్ళతోనే ఆమె ఇచ్చిన మాత్ర మింగమన్నాను. ఏది పని చేసిందో అల్లా చూసుకుంటాడు."

జైతూన్‌కు నవ్వు రాలేదు.

ఇరవై ఏళ్ళుగా ఆమె ఉస్తానీ శిష్యురాలు. పన్నెండేళ్ళుగా చిన్నపిల్లలకు వుజూ నేర్పేది ఆమే. నమాజుకు ముందు చేతులు, నోరు, ముఖం, పాదాలు కడుక్కునే ఆ వరసలో జైతూన్‌కు వంక పెట్టగలవాళ్ళు ఊళ్ళో లేరు. పిల్లలు కడుక్కుని వచ్చాక ఎండు దూది ఉండతో మోచేతి వెనకా మడమ మీదా అద్ది చూసేది. దూది తడవకపోతే మళ్ళీ మొదటినుంచి. "వెంట్రుకవాసి ఎండుచోటున్నా నమాజు గాల్లో కలిసిపోద్ది" అనేది. ఆ పరీక్షలో ఒక్కసారీ తప్పని పిల్ల గౌసియా. జైతూన్‌ను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేది.

అదే వీధిలోకి కోడలిగా వెళ్ళింది. కాన్పయిన నలభై రోజులకు మళ్ళీ నమాజు మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి కొళాయి దగ్గరే ఉండిపోయింది. ఒక్క నమాజుకు పది వుజూలు, పదిహేను వుజూలు. చేతులు పగిలి నెత్తురొచ్చేది. బిడ్డ ఉచ్చ పోస్తే బట్టలు పాడవుతాయని బిడ్డను ఎత్తుకోవడమే మానేసింది. ఇప్పుడు వాడికి ఎనిమిదో నెల. నానమ్మ చంకలో పెరుగుతున్నాడు. వీధిలోవాళ్ళు "ఎంత భక్తి!" అన్నారు. అందరికన్నా ముందు అన్నది జైతూనే.

"ఆ మాత్రలు నేనే మాన్పించాను" అంది జైతూన్. "వేసుకుంటే కునుకొస్తుందంట. కునుకు తీస్తే వుజూ పోతుంది కదా?"

ఉస్తానీ చేతిలో దూది ఆగిపోయింది.

"అది రాత్రి నమాజు అయ్యాక, పడుకోబోయే ముందు వేసుకునే మాత్ర. గౌసియాను అడిగావా?"

"లేదు."

"మానేసిందా?"

"పది రోజులైంది. నా మాట దాటదు."

ఉస్తానీ ఒళ్ళోని దూదిని చిన్న ఉండలుగా చుట్టింది. తర్వాత, "మధ్యాహ్నం జొహర్ నమాజు వేళయింది. వుజూ చేసి రామ్మా" అంది.

జైతూన్ పెరట్లోకి వెళ్ళి వచ్చింది. ఉస్తానీ ఒక దూది ఉండ తీసి ఆమె మోచేతి వెనక అద్దింది. గుప్పిట మూసుకుంది.

"ఎండుగా ఉంది."

జైతూన్ ముఖం ఎర్రబడింది. వెళ్ళి మళ్ళీ కడుక్కుని వచ్చింది. ఇంకో ఉండ. ఈసారి మడమ.

"ఎండుగా ఉంది."

మూడోసారి నీళ్ళు మోచేతి పైదాకా పోసుకుంది. నాలుగోసారికి కొంగంతా తడిసింది. అయిదోసారి చెంబు ఎత్తబోయి ఆగింది. ఇంతకు ముందు ముఖం కడిగిందో లేదో ఆమెకే గుర్తు రాలేదు.

"ఎండుగా ఉంది" అంది ఉస్తానీ.

"నా చేతులు నాకు తెలీవా ఉస్తానీ!" జైతూన్ అరిచింది. "కడిగాను! నా కళ్ళతో నేను చూశాను!"

"గౌసియా కూడా తన కళ్ళతోనే చూస్తుంది."

ఉస్తానీ ఒడి విప్పింది. అయిదు దూది ఉండలు. అయిదూ ముద్దగా తడిసి ఉన్నాయి.

జైతూన్ ఒక ఉండను తీసి నొక్కి చూసింది.

"మరి ఎండుగా ఉందన్నారేంటి?"

"గౌసియాకు లోపలినుంచి ఎవరో రోజంతా అట్లాగే అంటున్నారంట. ఎవరి గొంతమ్మా అది అని డాక్టరమ్మ అడిగింది. నేను పక్కనే ఉన్నాను."

ఎవరి పేరు చెప్పిందని జైతూన్ అడగలేదు.

"రోగం నువ్వు పెట్టలేదు" అంది ఉస్తానీ. "అది ఎవరికైనా వచ్చేదే అంది డాక్టరమ్మ. దానికి గొంతు మాత్రం నువ్విచ్చావు. నీ చేతికి ఈ దూదినిచ్చింది నేను."

తడి ఉండలను ఒక్కొక్కటే పిండుతూ మళ్ళీ అంది. "మసీదు కొళాయి దగ్గర మగవాళ్ళ మోచేతులకు దూది అద్దిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. సగం తడుపుకుని, ఓట్ల కబుర్లు చెప్పుకుంటూ లోపలికి పోతారు. వాళ్ళ నమాజు చేరుతూనే ఉంది. మన పిల్లల మోచేతుల దగ్గరే అల్లాకు అనుమానం వస్తుందని నేనెట్లా అనుకున్నానో."

గౌసియా మళ్ళీ మాత్రలు మొదలుపెట్టింది. తర్వాతి వారం ఆమెను గుంటూరు తీసుకెళ్ళింది జైతూన్. డాక్టరమ్మ జైతూన్‌ను విడిగా కూర్చోబెట్టింది.

"ఒక్క వుజూ చేసి కొళాయి వదిలి రావడం నేర్పుతున్నానమ్మా. ఒక్కసారి చాలని నేను చెబితే తల ఊపుతుంది, నమ్మదు. ఆ మాట మీ నోటినుంచి రావాలి. ఒక్కసారే చెప్పండి. మళ్ళీ అడుగుతుంది. రెండోసారి జవాబు చెప్పకండి. జవాబు కూడా ఆ అమ్మాయికి ఇంకో చెంబు నీళ్ళే."

మర్నాడు సాయంత్రం అసర్ నమాజు వేళకు జైతూన్ గౌసియా ఇంటికి వెళ్ళింది. గౌసియా కొళాయి కింద కూర్చుని వుజూ చేసింది. లేచి, పగిలిన చేతులు గాల్లోనే పెట్టుకుని చూసింది.

"అయిపోయింది" అంది జైతూన్. "ఇందులో లోపముంటే తీర్పు రోజున నా కొంగు పట్టుకుని నిలదియ్యి. కొళాయి కట్టెయ్యి."

గౌసియా కొళాయి కట్టింది. రెండడుగులు వేసింది. ఆగింది.

"ఆపా, నిజంగా అయిపోయిందా?"

ఇరవై ఏళ్ళలో ఏ ప్రశ్నకూ జైతూన్ నోరు మూసుకున్నది లేదు. ఆ రోజు పెదవి కరుచుకుని నిలబడింది.

"మోచెయ్యి ఒక్కటి చూడు ఆపా. ఒక్కసారి."

జైతూన్ గోడవైపు తిరిగింది. వెనక కొళాయి చప్పుడు వస్తుందేమోనని చెవి పెట్టింది. చాలాసేపటికి చాప పరిచిన చప్పుడు వినిపించింది.

నమాజు ముగించి గౌసియా వాకిట్లోకి వచ్చింది. ఆమె ముఖం చెమటతో తడిసిపోయింది. అక్కడ అత్తగారి చంకలో పిల్లాడున్నాడు. నెలల తర్వాత మొదటిసారి ఆమె వాడివైపు చేతులు చాపింది.

వాడు ఆ చేతులను కొత్తగా చూశాడు. నానమ్మ మెడ గట్టిగా పట్టుకుని ఏడుపందుకున్నాడు.

గౌసియా చేతులు దించకుండానే వెనక్కి తిరిగింది.

"నా దగ్గరికి వస్తాడా ఆపా?"

జైతూన్ ఆ ప్రశ్నకూ జవాబు చెప్పలేదు.