బొమ్మ పడకముందే

పాలమడుగు అడవిలో ఆ ఏడు ఎండలు ముదరకముందే మడుగు అడుగంటింది. లేళ్ళు నాలుకలు బయటపెట్టుకుని బురద నాకుతున్నాయి. అడవిపందులైతే బురదలో దొర్లడం మానేసి, ఆ బురదనే వంతులవారీగా పంచుకుంటున్నాయి. ఇంత కరువులోనూ నున్నగా, బొద్దుగా, మీసాలకు తడి ఆరకుండా తిరిగేవాడు ఒకడున్నాడు. వాడి పేరు జంబయ్య. నక్కల్లోకెల్లా మాటకారి.

జంబయ్యకు వయసు మీద పడింది. పరిగెత్తి పట్టే ఓపిక ఎప్పుడో పోయింది, పళ్ళు సగం ఊడాయి. అయినా పూట గడుస్తోందంటే అదంతా నాలుక చలవే. మడుగుకు పెత్తందారు రుద్రప్ప అనే తోడేలు. రుద్రప్ప చేసేది చేస్తాడు, దాన్ని నలుగురికీ ఇంపుగా చెప్పే పని జంబయ్యది. అందుకు ఆయన తినగా మిగిలిన మాంసం దక్కేది. దానికి తోడు, బండల వెనక గుంటలో కావలసినన్ని నీళ్ళు.

ఆ గుంట సంగతి బయట ఎవరికీ తెలియదు. చలికాలంలోనే రుద్రప్ప గుంపు మడుగు వెనక గట్టుకు గండి కొట్టి, నీళ్ళను అటు మళ్ళించుకుంది. గండి కనబడకుండా పైన ముళ్ళకంప కప్పింది. ఆ కంప కప్పమన్న తెలివి మన జంబయ్యదే. ఈమాత్రం తెలివి ఇంకో మంచి పనికి వాడి ఉంటే అడవి బాగుపడేది కానీ, అట్లా వాడే నక్కను నేనింతవరకూ చూడలేదు.

ఒక పొద్దున జంబయ్య బొరియ ముందు కూర్చుని మీసాలు దువ్వుకుంటున్నాడు. ఒక రామచిలక కొమ్మకొమ్మకూ వాలుతూ టముకు వేస్తూ వచ్చింది.

"వినండహో! రేపు పొద్దు వాలేవేళ నున్నబండ మీద సుంకులమ్మ బొమ్మలాట! రాజుల కథ కాదు, రాణుల కథ కాదు, మన మడుగు సంగతి ఉన్నది ఉన్నట్టు! బొమ్మ పేరు తోడే..."

అంతలో పైన డేగ తిరగడం కనబడింది. చిలక మిగతా మాట మింగేసి ఆకుల్లో దూరింది.

సుంకులమ్మ ముళ్ళపంది. టేకాకుల మీద తన ముళ్ళతో బొమ్మలు పొడిచి, సాయంకాలపు ఏటవాలు ఎండకు అడ్డంపెట్టి, ఎదురుగా ఉన్న నున్నబండ మీద నీడలు ఆడిస్తుంది. ఇన్నాళ్ళూ ఆవిడవన్నీ రాజుల కథలే. మొన్న చుక్కమ్మ అనే లేడి కన్న పిల్ల నీళ్ళకోసం పోయి బురదలో దిగబడి, అరిచి అరిచి ప్రాణం వదిలింది. ఆ అరుపు విన్నప్పటి నుంచి సుంకులమ్మకు రాజుల కథలు పొడవబుద్ధి కాలేదు. ముసలివాళ్ళ దగ్గరికల్లా పోయి "మీ చిన్నప్పుడు నీళ్ళు ఎంతదాకా ఉండేవి?" అని అడుగుతూ తిరిగింది.

ఇదంతా తెలిసిన జంబయ్య చిలక మాట వినగానే లేచి నిలబడ్డాడు. 'తోడే... అంటే ఇంకేముంది? తోడేలే!' అనుకున్నాడు. పూర్తి పేరు ఎవరినైనా అడుగుదామన్న ఆలోచనే రాలేదు. తోక ఎత్తుకుని రుద్రప్ప దగ్గరికి పరుగు తీశాడు.

"దొరా, కొంప మునిగింది! మీ మీదే బొమ్మ తీసింది ఆ సుంకులమ్మ."

"నా మీదా? నువ్వు చూశావా?"

"చూడటమెందుకు దొరా, విన్నాగా! బొమ్మకు మీ జాతి పేరే పెట్టింది."

"గండి సంగతి ఉందా అందులో?"

"తోడేలని పేరు పెట్టి, గండి లేకుండా తీస్తుందా?"

రుద్రప్ప పళ్ళు పటపట కొరికాడు. "ఇప్పుడే పోయి దాన్ని నమిలేస్తా."

"మీ నోరంతా ముళ్ళవుతుంది దొరా. పైగా ఇందులో ఏదో ఉందని అడవంతా చెవులు కొరుక్కుంటుంది."

"అయితే నువ్వే చూసుకోరా. రేపు ఆ బండ దగ్గర నా పేరు చెడిందో, నీకు గుంటా లేదు, బొరియా లేదు. ఈ వయసులో కప్పలు పట్టుకుని బతుకు."

అడవిలో కప్పలన్నీ ఎప్పుడో వలసపోయాయి. బతకాలంటే రుద్రప్ప పరువు నిలవాలి. జంబయ్య నేరుగా సుంకులమ్మ దగ్గరికి నడిచాడు. ఆవిడ ఆకులు నీడన ఆరబెట్టుకుంటోంది.

"వదినా, బాగున్నావా? ఏదో బొమ్మ తీశావట."

"తీశాను మరిదీ. రేపు రా, చూద్దువు."

"వస్తాలే. కానీ ఆ పేరొక్కటి తీసెయ్."

"ఏ పేరు?"

"నాతోనా నాటకాలు? 'తోడే' అని మొదలవుతుందే, అది."

సుంకులమ్మ నవ్వింది. "అది తీసేస్తే ఇంకేముంటుంది నాయనా? అదే కదా అసలు సంగతి!"

"ఎవరు చెప్పారు నీకు ఆ సంగతి?"

"ఎవరైనా చెప్పాలా? కళ్ళు లేవా నాకు? చూసిందే పొడిచాను."

'చూసిందిరా దేవుడా, గండి చూసింది!' అనుకున్నాడు జంబయ్య. ఇంకొక్క మాట అడిగి ఉంటే ఇద్దరూ నవ్వుకుని విడిపోయేవాళ్ళు. అడగలేదు. భయపడ్డవాడికి ప్రతి మాటా తన గురించే అనిపిస్తుంది మరి.

ఇక బొమ్మను ఆపలేం, చూసేవాళ్ళ నోళ్ళనైనా ముందే సర్దిపెట్టుకోవాలని నిశ్చయించుకున్నాడు. అడవిలోకెల్లా పెద్ద గొంతు వరాలు అనే అడవిపందిది. ముందు వాడి దగ్గరికే పోయాడు.

"ఒరే వరాలూ, రేపు బండ మీద నీడ పడగానే లేచి అరవాలిరా."

"ఏమని మామా?"

"'అంతా అబద్ధం! మా రుద్రప్ప దొర వెనక గట్టుకు గండి కొట్టలేదు! నీళ్ళను బండల వెనక గుంటలోకి మళ్ళించలేదు! గండి మీద ముళ్ళకంప కప్పలేదు!' అని."

"వెనక గట్టు ఎక్కడుంది మామా?"

"ఎక్కడుంటే నీకెందుకు? లేదని అరవడమే నీ పని. రేపు బురద వంతు ముందు నీకే."

వరాలు పొంగిపోయి అక్కడికక్కడే బట్టీ పట్టడం మొదలుపెట్టాడు. 'కొట్టలేదు' అనాల్సిన చోట ఒకసారి 'కొట్టాడు' అన్నాడు. జంబయ్య వాడిచేత మళ్ళీ మొదటి నుంచి చెప్పించాడు.

తర్వాత రంగనాయకులు అనే నెమలి దగ్గరికి పోయాడు. "బొమ్మలో కళ లేదు, నెమలికి తగిన చోటు లేదు అని చెప్పాలి బాబూ."

"నన్ను చూపించిందా ఏమిటి?"

"చూపిస్తే బాగా చూపించలేదను. చూపించకపోతే ఎందుకు చూపించలేదను."

రంగనాయకులుకు ఆ మాట బాగా నచ్చింది, నమ్మేశాడు కూడా. దున్నపోతుకు మాత్రం పొడుగు మాటలు పట్టవని తెలిసి, "ఇప్పుడే ఎందుకు?" అన్న రెండు ముక్కలు నేర్పాడు. దున్నపోతు దాన్ని నెమరు వేసుకుంటూ కూర్చుంది. దారిలో కనబడ్డ కాకులతో "దీని వెనక వలస కొంగలున్నాయట, పైదేశపు కొంగలు!" అని ఊది వచ్చాడు. పొద్దుగూకేలోగా ఆ మాట అడవి దాటిపోయింది.

అవతలిపక్షం వాళ్ళేమైనా తక్కువ తిన్నారా? కోతుల గుంపు కొమ్మలు ఊపుతూ "అద్భుతం! మా కళ్ళు తెరిపించింది!" అని ఊరేగింపు తీసింది.

"చూశారా?" అని అడిగాడొక ముసలి ముంగిస.

"చూడాలా? సుంకులమ్మ తీసిందంటే బాగుండకుండా పోతుందా?"

తెల్లవారేసరికి అడవి రెండుగా చీలింది. కుందేళ్ళ ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాటలు మానేశారు. తొండలు తలకాయ నిలువుగా ఊపాలా అడ్డంగా ఊపాలా అని కొట్టుకున్నాయి. ఇంతమంది ఇంత తిట్టుకుంటున్నా, బొమ్మ చూసినవాడు అడవి మొత్తంలో ఒక్కడూ లేడు.

ఆ సాయంత్రం నున్నబండ ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. రుద్రప్ప ఒక పక్కన గుర్రుగా కూర్చున్నాడు. జంబయ్య ఆయన కాళ్ళ దగ్గర చేరి, వరాలు వైపు చూపు తిప్పకుండా చూస్తున్నాడు. పొద్దు వాలింది. ఎండ ఏటవాలుగా వచ్చి బండ మీద పడింది. ఎదురుగట్టు మీద సుంకులమ్మ కట్టలోంచి ఒక ఆకు తీసి ఎండకు అడ్డం పెట్టింది. బండ మీద నల్లగా ఇంత నీడ పడింది.

వరాలు దిగ్గున లేచాడు. వాడు నోరు తెరిచేలోగా పక్కవాళ్ళు అందుకున్నారు.

"కళ లేదు! రంగుల్లేవు! నేనెక్కడ?" అన్నాడు రంగనాయకులు పింఛం విదిలించి.

"ఇప్పుడే ఎందుకు?" అంది దున్నపోతు.

"ఆహా! ఆ నలుపు చూడండి! మన బతుకంతా ఆ నలుపులోనే ఉంది!" అని కోతులు కళ్ళు తుడుచుకున్నాయి.

వాళ్ళందరినీ మించిపోయి అడవి దద్దరిల్లేలా అరిచాడు వరాలు. "అంతా అబద్ధం! మా రుద్రప్ప దొర వెనక గట్టుకు గండి కొట్టలేదు! నీళ్ళను బండల వెనక గుంటలోకి మళ్ళించలేదు! గండి మీద ముళ్ళకంప కప్పలేదు!"

ఒక్క మాట తప్పలేదు. జంబయ్య తృప్తిగా తల ఊపాడు. అంతలో చుక్కమ్మ మెల్లగా లేచి నిలబడింది. పిల్ల పోయినప్పటి నుంచి ఆ లేడి ఎవరితోనూ మాట్లాడింది లేదు.

"వరాలన్నా, ఏ గుంట?"

"బండల వెనకది చెల్లీ. అది లేదు."

"గండి ఎక్కడ?"

"వెనక గట్టుకు, ముళ్ళకంప కింద. అదీ లేదు. కావాలంటే జంబయ్య మామనడుగు, నిన్న నాచేత ఎన్నిసార్లు చెప్పించాడో!"

జనమంతా జంబయ్య వైపు తిరిగారు. ఎదురుగట్టు మీంచి సుంకులమ్మ తల పైకెత్తి అడిగింది. "ఏమర్రా, దేనికి కొట్టుకుంటున్నారు? ఇది ఉట్టి ఆకు. ఎండ సరిగ్గా పడుతోందో లేదో చూసుకుంటున్నాను. బొమ్మ ఇంకా పడనే లేదు."

జంబయ్య లేచి "సోదరులారా, వరాలు ఉద్దేశం ఏమిటంటే..." అన్నాడు. వినేందుకు ఎవరున్నారు గనక? చుక్కమ్మ అప్పటికే వెనక గట్టు వైపు పరిగెత్తుతోంది. ఆమె వెనక అడవంతా కదిలింది.

ముళ్ళకంప లాగేశారు. గండి బయటపడింది. గండి వెంట పోతే బండల వెనక గుంట నిండా నీళ్ళు, ఆకాశం కనబడేంత తేటగా.

చుక్కమ్మ ఆ నీళ్ళు ముట్టలేదు. "ఇంత దగ్గర నీళ్ళు పెట్టుకునా నా బిడ్డను చంపారు! వాడు అరుస్తుంటే ఇక్కడికి వినబడలేదా?" అని గుండె పగిలేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని దున్నపోతు నెమరు ఆపింది. తల దించి, కొమ్ములు రుద్రప్ప వైపు తిప్పింది. ఈసారి 'ఇప్పుడే ఎందుకు' అనలేదు. దాని వెనక మిగతా దున్నలు వరుస కట్టాయి.

రుద్రప్ప గుంపు కొండ దారి పట్టింది. పోతూ పోతూ రుద్రప్ప వెనక్కి తిరిగి "నాకేం తెలుసు? కంప కప్పమన్నది ఆ జంబయ్యే!" అని అరిచి మరీ పోయాడు. అప్పటిదాకా ఆయన తరఫున మాట్లాడిన జంబయ్యకు తన తరఫున మాట్లాడేవాడు ఒక్కడూ దొరకలేదు. బొరియ పోయింది. మాంసం పోయింది. అందరూ తాగాక, చివర్న, నీళ్ళు మిగిలితే తాగమన్నారు.

మర్నాడు సాయంత్రం అడవి అడవంతా గండి పూడ్చే పనిలో పడింది. కోతులు రాళ్ళు మోస్తున్నాయి, వరాలు మట్టి తోడుతున్నాడు. సుంకులమ్మ మాత్రం కష్టపడి పొడిచిన బొమ్మ కదా అని, ఆడించడానికి నున్నబండ దగ్గరికి వచ్చింది. బండ ముందు ఒకే ఒక్కడు కూర్చుని ఉన్నాడు. పోవడానికి ఇంకో చోటు లేని జంబయ్య.

"వచ్చావా మరిదీ? సరే, నువ్వొక్కడివైనా చూడు."

బొమ్మ పడింది. నీళ్ళు ఇంతదాకా ఉండేవని గుర్తులున్న రాళ్ళు వచ్చాయి. ఒక ముసలి తాబేలు వచ్చి, ఈ మడుగులో తాను ఈత నేర్చుకున్న రోజులు చెప్పింది. బురదలో దిగబడ్డ లేడిపిల్ల వచ్చింది. అక్కడ జంబయ్య కళ్ళు దించుకున్నాడు. ఇక రుద్రప్ప వస్తాడు, ఇక గండి వస్తుంది, ఇక నేనొస్తాను అని బిక్కుబిక్కుమంటూ చూశాడు. ఎవరూ రాలేదు. చివరి ఆకులో నోరు తెరిచిన పెద్ద సూర్యుడు మడుగును గటగటా తాగేస్తున్నాడు. అక్కడితో అయిపోయింది.

"ఇంతేనా?" అన్నాడు జంబయ్య.

"ఇంతే నాయనా. నీళ్ళు ఎట్లా పోయాయో నాకేం తెలుసు? ఎండలే తాగేశాయనుకున్నా."

"మరి... తోడేలు?"

"ఏ తోడేలు?"

"బొమ్మ పేరు వదినా! తోడే..."

"'తోడేసిన మడుగు' అని పెట్టాను. ఎండలే మన నీళ్ళన్నీ తోడేశాయి కదా అని. ఏం, పేరు బాగులేదా?"

జంబయ్య రెండు కాళ్ళతోనూ నెత్తి బాదుకున్నాడు.

నీతి: చూడని బొమ్మకు జవాబు చెప్పబోయినవాడు తన బొమ్మనే నలుగురికీ చూపించుకుంటాడు.