లాభం తర్వాత

రాజుగారి ధాన్యపు కొట్టులో వడ్లు కొలిచే మనిషి ఒకడు, ఉన్నట్టుండి ఆ పని మానేసి గాలికొండ ఎక్కాడు.

కొండ మీద ఒక జెండా, ఒక గుహ ఉన్నాయి. గాలి ఎటు తిరుగుతుందో ముందే చెప్పగలిగితే గుహ బంగారం విసిరేది. తప్పితే అంతకంత లాక్కునేది. ఇంత సులువైన బతుకు ఉండగా ఎవరి వడ్లో కొలుస్తూ కూర్చోవడం ఏం ఖర్మ అనుకున్నాడు. అలా అనుకోనివాళ్లెవరు లెండి!

మొదట్లో గుహ దోసిళ్లు నింపింది. "నెగ్గాను!" అని అరిచాడు. "నెగ్గాను" అంది కొండ. అతని మాట తప్ప అక్కడ మరో మాట లేదు.

రానురాను అన్నం తింటున్నా చూపు జెండా మీదే. కింద పెళ్లిమేళం వినబడితే, ఆ చప్పుడుకు గాలి మారుతుందేమోనని విసుక్కునేవాడు. చివరికి గుహ తానిచ్చిందే కాక, అతను ఇంటి నుంచి తెచ్చుకున్నది కూడా మింగేసింది. అతన్ని కుంగదీసింది అది కాదు. ఒకరోజు ఒళ్లు కాలిపోయే జ్వరంలో దాహమేసింది. కాసిని నీళ్లిమ్మని అడగడానికి ఎవరూ లేరు. ఆ పూటే ఏడుస్తూ కొండ దిగాడు.

కొట్టు పెద్ద అతన్ని ఎగాదిగా చూశాడు.

"కొండ మీది దొరగారు ఇటు దయచేశారేం?"

"మళ్లీ కుంచం పట్టనివ్వండయ్యా."

"అయితే ఈ రాశి కొలువు. ఒక్క గింజ కింద ఒలికిందా, వచ్చిన దారినే పోదువుగాని."

తన వంతు వడ్ల కోసం వచ్చిన ముసలమ్మ సంచి మూతి తెరిచి పట్టుకుంది. ధాన్యం కొలిచేవాళ్లు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. అతను నిండు కుంచం సంచిలో పోసి, "లాభం" అన్నాడు.

అనగానే అలవాటుగా తల పైకెత్తి జెండా కోసం వెతికాడు. పైకప్పు తప్ప ఏమీ కనబడలేదు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. అది చూసి కొట్టు పెద్ద పెదవి విరిచాడు.

"ఆగిపోయావేం నాయనా?" అంది ముసలమ్మ. "లాభం తర్వాత ఏమనాలో మరిచిపోయావా?"

నిజంగానే మరిచిపోయాడు. కొండ మీద ఉన్నన్నాళ్లూ ఆ మాటతో పని పడలేదు.

ముసలమ్మ సంచి మూతిని ఇంకాస్త వెడల్పు చేసి, తనే మెల్లగా అందించింది.

"రెండు."

"రెండు," అన్నాడతను ఆమె వెనకే. నిండు కుంచం సంచిలోకి వంచాడు. ఒక్క గింజ ఒలకలేదు.