ఎడమ భుజం నొప్పి

శస్త్రవైద్యం చెప్పే పానకాలరావు గారిని ప్రశ్న అడిగితే నోరు కదిలేది కాదు, కుర్చీ కదిలేది. లేచి వార్డులోకి నడిచేవారు. అడిగినవాడు వెంటపడాల్సిందే.

ఆ రోజు అడిగింది శిష్యుడు శశిభూషణ్. "సార్, ఉదరమంతా నాకు కంఠతా వచ్చు. మరి ఎందుకు పొరబడ్డాను?"

తప్పు చిన్నది కాదు. మొన్న ఏసోబు అనే హమాలీ ఎడమ భుజం నొప్పంటూ వచ్చాడు. మిరప బస్తా జారి డొక్కలో తగిలిందని కూడా చెప్పబోయాడు. బస్తాలు మోసేవాడికి భుజం నొప్పి రాక ఇంకేమొస్తుందని, శశిభూషణ్ పొట్ట మీద చెయ్యయినా వేయకుండా మాత్రలు రాసి పంపించేశాడు. లోపల ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం చిట్లింది. కారిన నెత్తురు ఉదరానికి పైకప్పులాంటి డయాఫ్రమ్‌ను తాకింది. ఆ పొరకు నరం మెడలోంచి దిగుతుంది గనుక నొప్పి భుజంలో తెలుస్తుంది. పరీక్షలో ఈ సంగతి రాసి మెప్పు పొందినవాడే శశిభూషణ్. ఏసోబు పడుతూ లేస్తూ మళ్లీ వచ్చేసరికి ఆలస్యమైంది. ఈ ఉదయం ఆపరేషన్ బల్ల మీదే పోయాడు.

ఇద్దరూ వెళ్లేసరికి వార్డులో ఏసోబు భార్య కరుణమ్మ ఆయాతో గొడవ పడుతోంది. కంట తడి లేదు.

"కొత్త చెప్పులమ్మా! కొని నిండా నెల కాలేదు. మంచం కిందే ఇడిచాడు. ఎవురు తీశారో చెప్పండి!"

ఆమె మొహం చూడాలంటే శశిభూషణ్‌కు ప్రాణం చచ్చిపోయింది. అక్కణ్ణుంచి బయటపడితే చాలనుకున్నాడు. "చెప్పులేగదమ్మా, పోనియ్యి. కింద సంతకాలు పెట్టాలంట, వెళ్లు" అన్నాడు.

పానకాలరావు గారు, అరవైకి దగ్గర పడ్డ మనిషి, మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో మంచం కిందా వంగి చూశారు. ఎవరి కాలో తగిలి గోడవారకు పోయిన జత నాలుగో మంచం కింద దొరికింది. దుమ్ము తన కోటుకు తుడిచి ఆమె చేతిలో పెట్టారు.

కరుణమ్మ వాటిని గుండెకు హత్తుకుంది. ఉన్నచోటే కూలబడి, వార్డంతా దద్దరిల్లేలా ఏడ్చింది. ఆయా కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు మీ ఆయన్ని పంపించేసింది నేనేనమ్మా అని చెప్పాలని శశిభూషణ్ నోరు తెరిచాడు. కానీ ఆ కోటుకు అంటిన దుమ్మునే చూస్తూ నిలబడిపోయాడు.

గురువు గారు మంచం కోడు పట్టుకుని మెల్లగా లేచారు.

"మొన్న అతన్ని పంపించేశావు," అన్నారు. "ఇవాళ ఈమెనూ పంపబోయావు."