వీరవేణి సర్వీసు

అనగనగా గోదారి మధ్యన ఒక లంక ఊరు. ఆ ఊరి బడిలో వాలీబాల్ కోర్టు ఉంది గానీ, వెనక గీత ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు. ఎందుకంటావా? దాని మీద ఎప్పుడూ కొబ్బరి పీచు ఆరబోసి ఉండేది. అందుకని పిల్లలంతా రెండడుగులు ముందుకొచ్చి, బంతిని నడుం కిందనుంచి తోసి సర్వీసు చేసేవాళ్ళు.

అలాంటి పిల్లలు మండలం ఆటలకెళితే ఏమవుతుందమ్మడూ? అక్కడ గీత గీతే. మనవాళ్ళ బంతులన్నీ వల ముందే చతికిలబడ్డాయి. అప్పుడు డ్రిల్లు మేష్టారు, "వచ్చే ఏడు అసలు గీత దగ్గర నిలబడి, తల మీదనుంచి కొట్టి వల దాటించినవాళ్ళకే జట్టులో చోటు" అనేశారు.

వీరవేణి గుండెల్లో రాయి పడింది. పన్నెండేళ్ళ పిల్ల, పుల్లల్లాంటి చేతులు, ఆటంటే మాత్రం ప్రాణం.

ఆ సాయంత్రమే పీచు పక్కకి ఊడ్చి గీత మీద నిలబడింది. మొదట బలమంతా పెట్టి కొట్టింది. బంతి వలకి తగిలి జారింది. ఆ తర్వాత పిడికిలి బిగించి కొట్టింది. బంతి పోయి సూరమ్మగారి అట్ల పెనం మీద పడింది. ఆవిడ పెట్టిన దీవెనలు నీకు చెప్పనులే. ఆ తర్వాత పరిగెత్తుకొచ్చి కొట్టింది. ఈసారి బంతి చేతికే తగల్లేదు. నెల తిరిగేసరికి అరచెయ్యి వాచింది గానీ బంతి దాటలేదు.

వాళ్ళమ్మ సత్యవతి ఇళ్ళకి పెంకులు వేసే మేస్త్రి దగ్గర పనిచేసేది. ఆవిడ కిందనుంచి పెంకు ఎగరేస్తే, కప్పు మీద మేస్త్రి అందుకునేవాడు. రోజుకి వెయ్యి పెంకులు, ఒక్కటీ పగిలేది కాదు. ఏం చెయ్యో ఆ తల్లిది!

ఒకరోజు వీరవేణి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళింది. సత్యవతి కూతురి చెయ్యి చూసి, సంగతంతా విని, "కొట్టడం తర్వాతే. ముందు ఎగరెయ్యడం చూడు. నేను పెంకుని మేస్త్రి మీదకి విసరను. ఆయన చెయ్యి అందే చోట అది ఒక్క క్షణం ఆగేలా వేస్తాను" అంది.

వీరవేణి అప్పుడు చూసింది. పెంకు పైకెళ్ళి, మేస్త్రి వేళ్ళ ముందు నిజంగానే ఆగుతోంది. ఇన్నాళ్ళూ తనేమో బంతిని ఎటో విసిరి, దాని వెంట పరిగెత్తుతోంది.

ఆ తర్వాత పది రోజులు బంతిని కొట్టనేలేదు. ఎగరెయ్యడం, ఆగిన చోటు చూసుకోవడం, మళ్ళీ పట్టుకోవడం. పిల్లలు నవ్వారు. నవ్వనీ. పదకొండో రోజు, ఆగిన చోట అరచేత్తో ఒక్కటిచ్చింది. బంతి వల దాటి ఆవలి గీత దగ్గర పడింది. చూస్తున్న డ్రిల్లు మేష్టారు అక్కడికక్కడే జట్టులో పేరు రాసుకున్నారు.

మరుసటి ఏడు మండలం ఆటల్లో చివరి పాయింటు. సర్వీసు మన వీరవేణిది. ఎగరేసింది. బంతి ఆగింది. కొట్టింది. అవతలి ఆరుగురూ చూస్తుండగానే అది నేల తాకింది.

"ఎవరు నేర్పారమ్మా?" అని అక్కడి పెద్ద మేష్టారు అడిగితే, జనంలో ఎర్రదుమ్ము చేతులతో నిలబడ్డ వాళ్ళమ్మని చూపించింది.

"అయ్యో, నేను బంతి ఎన్నడూ ముట్టుకోలేదండీ" అంది సత్యవతి.

అప్పుడు వీరవేణి బంతి తెచ్చి వాళ్ళమ్మ చేతిలో పెట్టింది. ఆవిడ కొంగు దోపుకుని ఎగరేసింది. బంతి నిటారుగా వెళ్ళి, ఆగి, మళ్ళీ అదే చేతిలోకి దిగింది. ఓడిన జట్టు పిల్లలు కూడా వచ్చి, మాకూ నేర్పమని ఆవిడ ముందు వరస కట్టారు.

పెంకు పోయె కప్పుకి,
బంతి పోయె గీతకి,
కథ పోయె కంచికి,
కునుకు వచ్చె కంటికి.