నీడన ఆరని కుండ

అనగా అనగా, మంచి బంకమట్టి దొరికే ఒక ఏటి ఒడ్డున లింగన్న అనే కుమ్మరి ఉండేవాడు. అతని భార్య విషజ్వరంతో పోయింది. నెల రోజులు సారె తిరగలేదు. చాలా పూటలు పొయ్యిలో పిల్లి లేవలేదు. ఎనిమిదేళ్ళ కూతురు సీతాలు ఒక్కతే అతని చెయ్యి పట్టుకుని కూర్చునేది.

"ఇంకో దెబ్బ తగిలితే నేను బతకను," అనుకున్నాడు లింగన్న. ఆ భయమే అతన్ని తినేసింది. చివరికి ఒక ఉపాయం తోచింది. వినాశకాలే విపరీతబుద్ధి అంటారే, అలాంటి ఉపాయం!

"కాలితేనే కదా కుండ గట్టిపడేది. నన్ను నేనే కాల్చుకుంటాను."

మొదట మంచం వదిలి కంకర మీద పడుకున్నాడు. ఒళ్ళు హూనమైంది, నిద్ర కరువైంది. తరువాత అన్నం మానేసి పూటకో గుక్కెడు గంజి తాగాడు. కాళ్ళు పుల్లలయ్యాయి. అయినా మనసు గట్టిపడలేదు. ఇక మూడోది వినండి. ఎడబాటు కూడా అలవాటు కావాలని, కూతుర్ని పొరుగూళ్ళో ఉన్న చెల్లెలింటికి పంపించెయ్యాలనుకున్నాడు.

పిల్లను తీసుకుపోవడానికి వచ్చిన చెల్లెలు గౌరమ్మ నివ్వెరపోయింది.

"అన్నా, పచ్చికుండను ఆవంలో పెట్టి కాలుస్తావా?"

"పిచ్చిదానా, పగిలిపోదూ! ముందు నీడన ఆరాలి."

"మరి నువ్వు ఆరావా? వదిన పోయి మూడు నెలలు కాలేదు. పిల్లను దగ్గర పెట్టుకుని కరువుతీరా ఏడువు, కడుపునిండా తిను."

లింగన్న వినలేదు. సీతాలు గడప పట్టుకుని, "నేనేం తప్పు చేశాను నాయనా?" అంది. అతను మొహం తిప్పుకున్నాడు.

రెండు వారాలకు కబురొచ్చింది. పిల్లకు జ్వరం, నాయనా నాయనా అని కలవరిస్తోందని. ఒక పూట నడక. కానీ లింగన్న సగం దారిలోనే కూలబడ్డాడు. ఎవరో బండివాడు చూసి ఎక్కించుకుని వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. పిల్ల పొద్దున్నే కన్నుమూసింది.

కోరి పడ్డ కష్టాల్లో ఒక్కటీ అతనికి అక్కరకు రాలేదు. "చివరిసారి నా మొహమన్నా చూడలేదే, గౌరీ!" అని నేలకు తల కొట్టుకున్నాడు. గౌరమ్మ ఆ తల పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. తిట్టలేదు. చావింట పొయ్యి వెలగదు కనుక పొరుగువాళ్ళు తెచ్చిన అన్నమే ముద్ద కలిపి అతని నోటికందించింది. లింగన్న ఏడుస్తూనే మింగాడు.

పిల్లలూ, కష్టం పిలవకుండానే వస్తుంది, దాన్ని వెతుక్కుంటూ పోవద్దు. అది వచ్చిననాడు మనిషిని నిలబెట్టేది తిన్న తిండి, కంటినిండా పోయిన నిద్ర, పక్కనున్న మనిషి.