నాలుగుసార్లు మెరిసి ఆగే దీపం

భూషణం మాస్టారిని ప్రశ్న అడిగి నేరుగా జవాబు సంపాదించినవాళ్ళు పార్వతీపురంలో లేరు. ఆదివారం సాయంత్రాలు ఆయన అరుగు మీద పదిమంది చేరి వేదాంతం వినేవారు. ఎవరైనా సందేహం అడిగారా, అంతే సంగతులు, "ఏదీ, చూద్దాం పద" అని లేచేవారు. దేవుడెక్కడున్నాడని అడిగిన ఒక పెద్దమనిషిని కూరగాయల బజారంతా తిప్పి, వంకాయలు మోయించి ఇంటికి పంపిన ఘనుడాయన.

అలాంటి మనిషిని శిష్యురాలు హైమవతి, ఓ ఆదివారం అందరూ వెళ్ళిపోయాక అడిగింది.

"మాస్టారూ, పోయిన మా అమ్మ నన్ను పిలుస్తోంది. వెళ్ళిపోనా?"

ఆయన ఆమె ముఖం కేసి చూశారు. కళ్ళు గుంటలు పడి, పెదాలు పాలిపోయి, నెల రోజుల్లో మనిషి సగమైపోయింది. మర్నాడు ఉదయం కాఫీల వేళకి వాళ్ళింట్లో ఉన్నారు. హైమవతి ఆయన్ని నేరుగా స్నానాలగదికి తీసుకెళ్ళింది.

ఆమె తల్లి పోయేముందు ఏడాదిపాటు మంచాన పడి ఉంది. మాట పోయింది. ఏం కావాలన్నా చేతి గాజుతో మంచం పట్టె మీద నాలుగుసార్లు కొట్టి ఆగేది. ఆఖరి రోజు తెల్లవారుతూండగా కూడా కొట్టింది. హైమవతికి వినబడింది. ఒళ్ళు హూనమైపోయి, ఒక్క ఐదు నిమిషాలే అనుకుని అటు తిరిగి పడుకుంది. లేచేసరికి ఇంకేముంది, అమ్మ లేదు. పదో రోజున పిండం దగ్గరికి ఒక్క కాకీ రాలేదు. చూసి చూసి దర్భతో కాకిని చేసి ముట్టించి, అయిందనిపించారు. చుట్టాలంతా భోజనాలకి లేచారు గానీ హైమవతికి ముద్ద దిగలేదు.

కర్మలయ్యి అందరూ వెళ్ళాక స్నానానికని గ్యాస్ గీజరు వెలిగించింది. అది కాసేపు మండి దానంతటదే ఆరిపోయింది. అడుగున గోరంత ఎర్ర దీపం నాలుగుసార్లు మెరిసి ఆగింది. మళ్ళీ నాలుగుసార్లు మెరిసింది. "వచ్చానమ్మా!" అంది హైమవతి పైకే. అప్పటినుంచి రోజూ తలుపేసుకుని దాని ఎదుట కూర్చోవడమే. ఆరితే మీట నొక్కి వెలిగిస్తుంది, అది మళ్ళీ ఆరుతుంది, దీపం మళ్ళీ పిలుస్తుంది. కాసేపటికి తల బరువెక్కి, తియ్యగా మత్తు కమ్మి, గాజు చప్పుడు కూడా వినబడేది. ఈమధ్య లేచి వచ్చేందుకు కాళ్ళు సహకరించడం లేదు. నిజం చెప్పాలంటే, రావాలనీ లేదు.

ఇదంతా విని మాస్టారు పీట వేసుకుని పక్కనే కూర్చున్నారు. ఆమె వెలిగించింది, అది ఆరింది. అలా ఆరేడుసార్లయింది.

"వినబడుతోందా మాస్టారూ?"

"వినబడుతోంది." ఆయన గొంతు పీలగా ఉంది. "కానీ మీ అమ్మ కాదు. చిన్నప్పుడు ఏట్లో పోయిన మా తమ్ముడు. ఈల వేస్తున్నాడు."

హైమవతికి ముందు ఉక్రోషం వచ్చింది, మా అమ్మ దగ్గర ఈయన తమ్ముడికేం పని అని. ఆ తర్వాత ఒళ్ళు జలదరించింది. ఈ గదిలో ఎవరు కూర్చుంటే వాళ్ళ వాళ్ళు వస్తారన్నమాట!

మాస్టారు గోడ పట్టుకుని లేచి ఆమె రెక్క అందుకున్నారు.

"ఇంకొక్కసారి మాస్టారూ, ఒక్కసారి వెలిగించి వస్తాను."

"లేవవే ముందు!"

ఆయన నోట అంత కటువైన మాట ఆమె ఎన్నడూ వినలేదు. ఇద్దరూ తూలుతూ పెరట్లోకొచ్చి పడ్డారు. చాలాసేపు దగ్గుతూనే ఉన్నారు.

తల తేలికపడ్డాక ఆయన వెనక గోడ చూశారు. కర్మ వంటలకని కట్టిన టార్పాలిన్ ఒక పక్క తాడు తెగి, గీజరు పొగగొట్టాన్ని మూతితో సహా చుట్టేసి ఉంది. విప్పాలని ఎవరికీ తట్టలేదు. దాన్ని లాగిపారేసి, ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళి, గ్యాస్ కట్టేసి, కిటికీ బార్లా తెరిచి వచ్చారు. గీజరు అడుగు మూత చేతిలో ఉంది. దాని లోపల, దీపం ఎన్నిసార్లు మెరిస్తే ఏమిటో చెప్పే కాగితం అంటించి ఉంది.

"చదువు."

హైమవతి దానికేసి చూడనైనా లేదు. "నాలుగు మెరుపులంటే పొగ బయటికి పోవడం లేదని. మళ్ళీ వెలిగించకూడదు, వెంటనే గదిలోంచి వెళ్ళిపోవాలి. మొదటిరోజే చదివాను మాస్టారూ." అని భోరుమంది. "అమ్మ పిలిస్తే ఒకసారి పడుకున్నాను. రెండోసారీ పడుకోమంటారా?"

ఆమె ఏడుపు ఆగేదాకా మాస్టారు పక్కనే కూర్చున్నారు.

సాయంత్రం మెకానిక్కు వచ్చి గొట్టమంతా శుభ్రం చేసి గీజరు వెలిగించాడు. మంట నీలంగా నిలబడింది. దీపం ఆకుపచ్చగా వెలుగుతోంది, మెరవడం లేదు. హైమవతి గుమ్మంలో నిలబడి చాలాసేపు ఎదురుచూసింది.

"ఇంక పిలవదా మాస్టారూ?"

"నెల రోజులు పిలిచింది కదమ్మా," అన్నారాయన. "వెళ్ళిపొమ్మనే గానీ, ఒక్కనాడైనా లోపలికి రమ్మందా?"